వరి మొక్క గుట్టు పిల్లలే చెప్పాలి

జగిత్యాల, కోరుట్ల వైపు వానాకాలం వరి వేసే రైతుకు ఉల్లికోడు గురించి వేరే చెప్పనక్కర్లేదు. దోమంత ఈగ పెట్టిన గుడ్డులోంచి వచ్చిన పురుగు మొవ్వులో దూరుతుంది. ఆ పిలక ఉల్లికాడలా తెల్లటి గొట్టమై లేస్తుంది, ఇక కంకి వేయదు. పొలాస పరిశోధన స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాలు ఈ పురుగును తట్టుకునే రకం.

అలాంటి రకాన్ని తయారుచేసేటప్పుడు, పురుగు పడ్డ మడిలో ఒక మొక్క పచ్చగా నిలిచిందనుకుందాం. జన్యువులు జతగా ఉంటాయి. తట్టుకునే జన్యువు బహిర్గతమైతే జతలో ఒక్కటున్నా చాలు. మరి ఈ మొక్కలో ఒకటే ఉందా, రెండూ ఉన్నాయా? చూస్తే తెలియదు. ఒకటే ఉంటే మాత్రం దాని విత్తనంలో నాలుగో వంతు మళ్లీ ఉల్లికోడు పాలవుతుంది.

అందుకే పరీక్షా సంకరణం. రెండూ లొంగే జన్యువులే ఉన్న మొక్కతో దీన్ని కలపాలి. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి ఇందుకు సరిపోతుంది. దాని అన్నం ఎంత బాగుంటుందో, ఉల్లికోడుకు అది అంత అలుసు. అది ఇచ్చేది లొంగే జన్యువే కాబట్టి, పిల్లల్లో తట్టుకునే గుణం కనిపిస్తే అది రెండో మొక్క ఇచ్చిందే.

సాయంత్రం సాంబ మసూరి కంకిలో విచ్చని పూల కొసలు కత్తిరించి, ఒక్కో పువ్వులోని ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసి, కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక రెండో మొక్క కంకిని పైన దులిపితే పుప్పొడి రాలుతుంది. ఒక్క కేసరం మిగిలినా పువ్వు సొంతంగా గింజ కట్టి, మంచి మొక్క మీద నింద పడుతుంది.

పిల్లలన్నీ తట్టుకుంటే రెండు జన్యువులూ మంచివే. సగం గొట్టాలు వేస్తే ఒకటే. ఏడు పిల్లలకు పురుగు సోకినా ఏడూ నిలిస్తే, ఒకటే ఉన్న మొక్కకు అలా జరిగే అవకాశం 128లో ఒక్కటి. సొంత విత్తనంతో అంత నమ్మకం రావాలంటే 17 మొక్కలు చూడాలి. కోరుట్ల పశువైద్య కళాశాలలో చదివేవారికీ ఇదే లెక్క. కాకపోతే ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది.

ఉల్లికోడును తట్టుకునే జన్యువుల్లో జీఎం3 మాత్రం అంతర్గతం, అంటే జతలో రెండూ ఉంటేనే పనిచేస్తుంది. అక్కడ నిలిచిన మొక్కకు పరీక్షే అక్కర్లేదు, అనుమానమంతా లొంగిన మొక్క మీదే.

ఇప్పుడు ఆకు ముక్కలోని డీఎన్ఏ గుర్తులతోనే జవాబు దొరుకుతోంది. కానీ గుర్తు ఇంకా దొరకని జన్యువుకు సంకరణమే దిక్కు. జగిత్యాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల విద్యార్థులు ఆ పట్టకారు పని చేతులారా నేర్చుకోవాలి.