నోరు ఒకటే, పని ఇద్దరిది

మా అక్క కొడుకు బైకు మీంచి పడి కింది దవడ రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు. ప్లేట్లు వేసి బిగించాలి, పూర్తి మత్తు ఇవ్వాలి అని డాక్టర్లు చెప్పగానే వార్డు బయట బెంచీ మీద చుట్టాల సభ మొదలైంది. "పంటి డాక్టరు చేసే ఆపరేషన్‌కి పూర్తి మత్తెందుకు? చిగురుకి సూది చాలదా?" అన్నాడు బావ. "డోసు ఎక్కువైతే మళ్లీ లేవరట" అంది పెద్దమ్మ. ఏ ఆసుపత్రి వరండాలోనైనా వినపడే మాటలే ఇవి. భయపడటం తప్పు కాదు. కానీ భయపడాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో భయపడుతున్నాం.

బావ మాటలో సగం నిజం ఉంది. పన్ను పీకడానికి, చాలామందికి జ్ఞానదంతం తీయడానికి లిగ్నోకెయిన్ సూది చాలు. అవసరం లేనిచోట పూర్తి మత్తు అడగకూడదు, ఇవ్వకూడదు. కానీ విరిగిన ఎముకను సరిచేసి, పైపళ్లూ కిందిపళ్లూ మునుపటిలా కలిసేట్టు కూర్చి, స్క్రూలు దించడం మనిషి కదలకుండా పడుకుంటే తప్ప కుదరని పని. గ్రహణమొర్రి పిల్లలకూ, నోటి క్యాన్సర్ ఆపరేషన్లకూ అంతే. అసలు ఈ మత్తు విద్య పుట్టిందే పంటి దగ్గర. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో నలుగురి ముందూ ఈథర్ ఇచ్చి చూపించిన విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే.

ఇక పెద్దమ్మ భయం. మత్తంటే ఒక్క సూది పొడిచి వదిలేయడం అనుకుంటాం. అలా కాదు. ప్రొపొఫాల్ లాంటి మందు నిమిషంలోపే నిద్రపుచ్చుతుంది. కొన్ని నిమిషాల్లో దాని పట్టు వదిలిపోతుంది కూడా. ఆపరేషన్ సాగినంతసేపూ గ్యాస్ రూపంలోనో రక్తనాళం ద్వారానో మందు అందిస్తూనే ఉండాలి. ఆపితే మెలకువ వస్తుంది. కాబట్టి "మత్తిచ్చేసి డాక్టరు వెళ్లిపోతాడు" అన్నదీ నిజం కాదు. సర్జన్ పని ముగిసి, రోగికి మెలకువ వచ్చేదాకా మత్తు డాక్టరు పక్కనే ఉంటారు. రక్తంలో ఆక్సిజన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, గుండె, బీపీ అన్నీ క్షణక్షణం చూస్తుంటారు.

వాళ్ల కన్ను ముఖ్యంగా ఉండేది ఊపిరి మీద. నోటి ఆపరేషన్‌కి ఇదే కీలకం. కడుపు కోసేటప్పుడు సర్జన్ ఒకచోట, మత్తు డాక్టరు మరోచోట ఉంటారు. ఇక్కడ ఇద్దరికీ ఒకే నోరు కావాలి. అందుకే ఊపిరి గొట్టాన్ని చాలాసార్లు ముక్కులోంచి దించుతారు. రక్తం శ్వాసనాళంలోకి జారకుండా గొంతులో తడి గాజుగుడ్డ సర్దుతారు. చివర్లో దాన్ని గుర్తుపెట్టుకుని తీస్తారు. గొట్టం స్వరతంత్రుల మధ్యనుంచే పోతుంది కాబట్టి మత్తులో ఉన్న మనిషి ఇంటి రహస్యాలు బయటపెడతాడన్న భయం అక్కర్లేదు.

ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరమ్మ వచ్చారు. "నోరు తెరువు నాన్నా" అన్నారు. మూడు వేళ్లు పట్టాల్సిన చోట వాడికి ఒక వేలు కూడా సరిగ్గా పట్టలేదు. ఒక ముక్కు మూసి ఊపిరి వదలమన్నారు, తర్వాత రెండోది మూసి. ఎడమవైపు గాలి తేలిగ్గా వస్తోందని రాసుకున్నారు. కదులుతున్న పళ్లున్నాయా అని అడిగారు, ఊడి శ్వాసనాళంలో పడకుండా. చివరికి "గుట్కా అలవాటుందా?" అన్నారు. వాడు వాళ్లమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అక్కను కాసేపు బయటికి పంపి మళ్లీ అడిగారు. ఈసారి వాడు తల దించుకున్నాడు, "రెండేళ్లుగా".

ఆ ప్రశ్న వాడిని తప్పుపట్టడానికి అడిగింది కాదు. గుట్కా, వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. అది ముదిరినవాళ్లకు మత్తు ఎక్కకముందే, గొంతు మొద్దుబార్చి, మెలకువగా ఉండగానే సన్నటి కెమెరా గొట్టంతో ముక్కులోంచి దారి వెతకాల్సి రావచ్చు. ఇది ముందే తెలియాలి. మత్తు ఎక్కాక తెలిస్తే ప్రాణాపాయం.

మన హైదరాబాదూ ఒకప్పుడు ఈ ఊపిరి గొడవలో పడింది. 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద వేసిన కమిషన్లు జంతువుల మీద పరీక్షలు చేశాయి. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని తేల్చాయి. అది తప్పని తర్వాత రుజువైంది. ఊపిరి మీంచి కన్ను తీయకూడదన్న మాట మాత్రం నిలిచింది. ఆ రోజుల్లో ఇక్కడే క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెబుతారు.

పొద్దున్నే పెద్దమ్మ ఫ్లాస్కుతో వచ్చింది. "గుక్కెడు టీయే కదా, నీరసపడిపోతాడు." ప్రేమే అది. కానీ పాలు కలిసిన టీ కడుపులో నీళ్లలా జారిపోదు. మత్తులో గొంతు కాపలా పడుకుంటుంది, కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మామూలుగా తేలికపాటి తిండికీ, ఆవు గేదె పాలకూ 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటలు ఎడం ఉండాలి. "రాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టకూడదు" అన్నదీ అందరికీ వర్తించదు, పిల్లల్ని ఊరికే ఎండబెట్టడమే అవుతుంది. మీ డాక్టరు చెప్పిన సమయం పాటించండి. పొరపాటున తాగితే దాచకండి. ఆపరేషన్ వాయిదా పడితే పడనివ్వండి.

మధ్యలో మెలకువ వస్తుందేమో అన్న భయం పూర్తిగా కట్టుకథ కాదు, కానీ చాలా అరుదు. 2014లో వెలువడిన బ్రిటన్, ఐర్లండ్ సర్వేలో ఇలాంటి ఫిర్యాదు సుమారు 19,000 మత్తులకు ఒకటి. తెలివితేటలు తగ్గుతాయన్న దిగులుకు జవాబుగా, గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్న పసివాళ్లను ఐదేళ్లప్పుడు పరీక్షిస్తే ఐక్యూలో తేడా కనిపించలేదని 2019లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. పెద్ద వయసువాళ్లలో కొందరికి కొన్నాళ్లు తికమక ఉండొచ్చు. ఉంటే చెప్పాలి.

మధ్యాహ్నం వాణ్ని బయటికి తెచ్చారు. పళ్లకు రబ్బరు బ్యాండ్లు, ముక్కు దగ్గర ఎండిన రక్తపు చార. పూర్తిగా తెలివొచ్చి, పిలిస్తే కళ్లు తెరిచాకే గొట్టం తీశారట. వాంతి వస్తే వెంటనే బ్యాండ్లు తెంచడానికి మంచం తలాపున కత్తెర వేలాడుతోంది. పెద్దమ్మ దాన్ని చూసి ఎందుకని అడిగింది. నర్సు చెప్పాక కుర్చీ ఆ పక్కకు జరుపుకుని కూచుంది. ఫ్లాస్కు మూత తీయలేదు.