ఉల్కలు ఎందుకు మండిపోతాయి?

ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రి, మబ్బులూ వెన్నెలా లేకపోతే, దర్శి చుట్టుపక్కల పత్తిచేలలో నిలబడి ఆకాశం చూడండి. మిథునరాశి వైపు నుంచి చుక్కలు జర్రున జారుతూ కనిపిస్తాయి. "చుక్క రాలింది!" అంటారు పెద్దలు. కాని మరునాడు చూస్తే ఆకాశంలో ఒక్క చుక్కా తగ్గి ఉండదు. రాలినవి నక్షత్రాలు కావు, ఉల్కలు. వాటిలో చాలా భాగం ఇసుక రేణువంతో, కందిగింజంతో ఉంటాయి.

ఇంత చిన్న వస్తువుకు అంత వెలుగు ఎక్కడిది? రహస్యమంతా వేగంలో ఉన్నది. ఈ ఉల్కలు సెకనుకు సుమారు 35 కిలోమీటర్లు పోతాయి. ఆ వేగంతో దర్శి నుంచి ఒంగోలుకు ఒకటిన్నర సెకను చాలు!

సుత్తితో మేకును పదేపదే కొడితే మేకు వేడెక్కుతుంది గదా? నేలకు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున గాలి చాలా పలచగా ఉంటుంది. అయినా అక్కడి గాలి అణువులు ఉల్కకు సుత్తిదెబ్బల్లా తగులుతాయి. ఆ వేడికి ఉల్క కరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరీ, గాలీ వెలగటమే మనకు కనిపించే గీత. అంతేగాని, అది కట్టె మండినట్టు మండటం కాదు.

మరి పెద్ద రాయి వస్తే? సైకిలు పంపు కొనను వేలితో మూసి గబగబా కొట్టండి. నొక్కుడుపడిన గాలి వేడెక్కి గొట్టం వెచ్చబడుతుంది. పెద్ద రాయి ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. అది నొక్కుకుపోయి వేల డిగ్రీల వేడెక్కి, రాయి పైభాగాన్ని కరిగిస్తుంది. అదే గాలి రాయి వేగాన్ని కూడా అణిచేస్తుంది. దానితో వెలుగు ఆరిపోయి, మిగిలిన ముక్క మామూలు రాయిలాగే కింద పడుతుంది.

1852 జనవరి 23న నెల్లూరు జిల్లాలో అలాంటి రాయి పడింది. దర్శి 1970 దాకా ఆ జిల్లాలోదే. బరువు 13 కిలోలకు పైనే. శాస్త్రజ్ఞుల పట్టికలలో దాని పేరు "యాటూర్". ఇలా పడిన రాళ్ళకు పైన పలచని నల్లని పెచ్చు కడుతుంది. మంట కొద్ది సెకన్లదే కనక వేడి లోపలికి దిగదు.

చంద్రుడికి ఇలాంటి గాలి లేదు. 1969-72 మధ్య అక్కడి నుంచి తెచ్చిన రాళ్ళ మీద ఉల్కరేణువులు పొడిచిన సన్నని గుంటలు ఉన్నాయి. మన మిరప కళ్ళాల మీద అటువంటి దెబ్బలు పడకుండా కాస్తున్నది మనం పీల్చే ఈ గాలే.