‘గో’కి భూతకాలం ‘వెంట్’ ఎందుకు?

ఇవాళ ఆడితే ‘ప్లే’, నిన్న ఆడితే ‘ప్లేడ్’. మరి ఇవాళ వెళ్తే ‘గో’ కదా, నిన్న వెళ్తే ‘గోడ్’ అనకుండా ‘వెంట్’ అంటారేం?

ఎందుకంటే ‘వెంట్’ వేరే ఇంటి బిడ్డ. ఇంగ్లిష్‌లో ‘వెండ్’ అనే పాత క్రియ ఉంది. దారి పట్టుకుని సాగిపోవడం అని దాని అర్థం. ‘సెండ్’ నుంచి ‘సెంట్’ వచ్చినట్టే ‘వెండ్’ నుంచి ‘వెంట్’ వచ్చింది. అప్పట్లో ‘గో’కి వేరే భూతకాల రూపం ఉండేది. సుమారు 1500 నాటికి అది మరుగునపడి, ఆ చోటును ‘వెంట్’ ఆక్రమించింది.

మరి వాక్యంలో ఎలా వాడాలి?

‘ఐ డిడ్ నాట్ వెంట్’ తప్పు. పని నిన్నటిదని ‘డిడ్’ ముందే చెప్పేసింది. ఇక క్రియ మళ్ళీ చెప్పక్కర్లేదు. ‘ఐ డిడ్ నాట్ గో’ అనాలి. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యూ గో?’

‘షి హాజ్ గాన్ టు గుంటూరు’ అంటే వెళ్ళింది, ఇంకా రాలేదని. వెళ్ళి వచ్చేస్తే ‘షి హాజ్ బీన్ టు గుంటూరు’.

‘ఐ వెంట్ టు హోమ్’ కూడా తప్పే. ‘ఇంటికి’లో ‘కి’ ఉంది కాబట్టి ‘టు’ పెట్టాలనిపిస్తుంది. కానీ ఇక్కడ ‘హోమ్’ అంటేనే ‘ఇంటికి’. ‘దేర్’ అంటే ‘అక్కడికి’. వాటికి ‘టు’ అక్కర్లేదు. స్కూల్‌కీ మార్కెట్‌కీ మాత్రం కావాలి: ‘ఐ వెంట్ టు స్కూల్’, ‘ఐ వెంట్ టు ద మార్కెట్’.

ఇప్పుడు మీరు సరిచేయండి: ‘హి డిడ్ నాట్ వెంట్ టు దేర్.’

జవాబు: ‘హి డిడ్ నాట్ గో దేర్.’