కప్పుకుంటే కోటు, మడిస్తే సంచి!

వాన మబ్బు పట్టిందంటే ఇంట్లో ముందుగా కదిలేది ఎవరండీ? మీరే కదూ! పిల్లల స్కూలు బ్యాగుల్లో రెయిన్‌కోట్లు పెట్టాలి, ఆయన బండి డిక్కీలో కోటు ఉందో లేదో చూడాలి, మామగారి గొడుగుకు ఊడిన పుల్ల కట్టాలి. అందరికీ సర్దిపెట్టాక సాయంత్రం కూరగాయలకని మీరు బయలుదేరతారు. సగం దారిలో చినుకులు మొదలవుతాయి. అప్పుడు మీ నెత్తిన ఏముంటుంది? చీర కొంగు! మరీ పెద్ద వానైతే ఏ కొట్టాయనో దయతలచి ఇచ్చిన ప్లాస్టిక్ కవరు!

"నాకెందుకులే కోటు, ఎంతసేపు బయట ఉంటాను గనక" అంటాం. అసలు కారణం అది కాదు. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో చంటివాడి చెయ్యి. వాన లేనప్పుడు ఆ కోటును ఎక్కడ పెట్టుకోవాలి? మగవాళ్లకు డిక్కీ ఉంది, పిల్లలకు బ్యాగు ఉంది, మనకేముంది? పెట్టుకునే చోటు లేని వస్తువు ఎంత మంచిదైనా చిలక్కొయ్యకే వేలాడుతుంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సంచి అయితే వెంటనే కొంటాం, ఎందుకంటే అది ఇంటికి పనికొచ్చేది. కోటు దగ్గరికి వచ్చేసరికి వెనకాడతాం, అది మన ఒంటికి గనక!

మరి ఆ రెండూ ఒకటే అయితే? ఈసారి మనం మాట్లాడుకునేది అలాంటి కోటు గురించే. పట్నాల్లో దీన్ని జాకెట్ అంటారు. మన వైపు జాకెట్టంటే రవికే కాబట్టి, షాపులో అడిగేటప్పుడు "పైన వేసుకునే వాన కోటు, మడిస్తే సంచి అయ్యేది" అని విడమరిచి చెప్పండి. లేకపోతే సేల్స్ కుర్రాడు మిమ్మల్ని మ్యాచింగ్ సెంటరుకు పంపించగలడు!

మనకు కొత్తేం కాదు

ఇదేదో విదేశాల వింత అనుకునేరు. ఒంటి మీది బట్టే సంచి కావడం మన ఆడవాళ్లకు బాగా తెలిసిన విద్య. కడప జిల్లా వేముల, పులివెందుల వైపు పొలాల్లో శెనక్కాయలు ఏరాలన్నా, పత్తి తీయాలన్నా ముందు చెంగును మడిచి నడుముకు ఒడి కట్టుకుంటారు. ఒడి నిండితే కుప్పలో పోసి మళ్లీ కడతారు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేదీ ఆ కొంగులోనే. చిల్లర డబ్బులు కొంగు ముడిలో, వక్కాకు తిత్తి రొంటిన. చీరకు జేబు లేదన్న లోటు మన అవ్వలకు తెలియనే తెలియదు.

ఇక గొంగడి సంగతి చూడండి. గొర్రెల కాపరి భుజాన మడిచి వేసుకునే నల్ల గొంగడి రాత్రి పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి. వాన వచ్చిందంటే ఒక కొసను మడిచి, ముడేసి, టోపీలా నెత్తిన తగిలించుకుంటాడు. వీపంతా కప్పేస్తుంది. దారిలో గొర్రె ఈనితే పసిపిల్లను చుట్టి తెచ్చేదీ అందులోనే. కోటు, సంచి, పరుపు... మూడూ ఒక్క బట్టలో!

ఆ గొంగడిలో ఆడవాళ్ల కష్టం ఎంతుందో చాలామందికి తెలీదు. దక్కనీ జాతి నల్ల గొర్రెల బొచ్చును ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. దాన్ని ఏకి, నూలు వడికేది కురుబ, కురుమ కుటుంబాల ఆడవాళ్లు. గుంట మగ్గం మీద నేసేది మగవాళ్లు. చింతగింజల గంజి పట్టించి ఆరబెడతారు. దాంతో గొంగడికి బిగువు వస్తుంది, వాన చినుకు జారిపోతుంది. ఉన్ని గనక కాస్త తడిసినా వెచ్చదనం పోదు. అలాంటి గొంగడి ఇప్పుడు తేలిగ్గా దొరకడం లేదు. మాంసానికి గిరాకీ పెరగడంతో కాపర్లు చాలామంది నెల్లూరు జాతి గొర్రెలకు మళ్లారు. నెల్లూరు గొర్రె ఒంటి మీద కత్తిరించడానికి ఉన్నే ఉండదు. ఉన్ని లేకపోయేసరికి వడికే ఆడవాళ్లకు పనీ లేకుండా పోయింది. మాంసం ధర చూసినంతగా ఈ నష్టాన్ని ఎవరూ చూడలేదనే అనిపిస్తుంది.

పారాచూట్ గుడ్డ

గొంగడి చేసే వాన పనిని గుప్పెడు బరువుతో చేసిపెట్టే గుడ్డ నైలాన్. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 1935లో దీన్ని తయారు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి పట్టు రావడం ఆగిపోయాక పారాచూట్లను నైలాన్‌తో కుట్టారు. మన కొట్లలో పల్చటి నైలాన్‌ను 'పారాచూట్ గుడ్డ' అనడం అలా వచ్చిందే.

1965లో పారిస్‌లో లియోన్ క్లోద్ దుహామెల్ అనే ఆయన ఈ నైలాన్‌తో ఒక వాన కోటు చేశాడు. దాని గొప్పంతా జేబులో ఉంది. వాన తగ్గాక కోటు మొత్తాన్ని దాని జేబులోకే కుక్కి, జిప్పు వేసి, నడుముకు బెల్టులా కట్టుకోవచ్చు! మొదట దానికి పెట్టిన పేరు 'ఆన్ కా'. ఫ్రెంచి భాషలో 'ఒకవేళ అవసరమైతే' అని అర్థం. తర్వాత 'కె-వే' అయింది. నాకైతే మొదటి పేరే నచ్చింది. ప్రయాణానికి సర్దుకునేటప్పుడు మనం అనుకునే మాట అదే కదా!

ఇప్పుడు దొరికేవి, కుట్టించుకోదగ్గవి రెండు రకాలు. ఒకటి దుహామెల్ చేసినట్టు తన జేబులోకే తాను దూరేది. మడిస్తే పిల్లల టిఫిను డబ్బా అంత అవుతుంది. మోయడం సులువే, కానీ అందులో కోటు తప్ప ఇంకేం పట్టదు. దాన్ని సంచి అనడం కొంచెం గొప్పలకు పోవడమే! రెండో రకంలో కోటే ఖాళీ సంచిగా మారుతుంది, కూరలు వేసుకోవచ్చు. వాన కోటు అవసరం ఏడాదిలో కొన్నాళ్లే, సంచి అవసరం రోజూ ఉంటుంది. అందుకని మన ఇళ్లకు రెండోదే సరైనదని నా అభిప్రాయం. పైగా కొట్లో కవర్ల సంగతి ఇదివరకటిలా లేదు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కంటే, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులను దేశమంతటా నిషేధించారు. ఇంటి నుంచి సంచి పట్టుకెళ్లడం ఎలాగూ తప్పదు.

"బాగానే ఉందమ్మా, సంచి నిండా కూరలు ఉన్నప్పుడు వాన వస్తే?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి ఒకటే ఉపాయం. కోటు లోపలి జేబులో పల్చటి గుడ్డ సంచి ఒకటి మడిచి పెట్టుకోండి. చినుకు పడగానే కూరలు దాంట్లోకి, కోటు మీ ఒంటి మీదికి! వంకాయలు తడిస్తే పోయేదేం లేదు, మీరు తడిస్తే నాలుగు రోజులు ఇల్లంతా తలకిందులవుతుంది.

చీర మీదనే కొలవండి

రెడీమేడ్ కోట్లు చాలావరకు ప్యాంటు, షర్టు మీదికి కొలిచి కుట్టినవి. చీర కుచ్చిళ్లకూ పైట మడతలకూ వాటిలో చోటుండదు. తొడుక్కుంటే పిరుదుల దగ్గర పట్టేస్తాయి, బస్సు మెట్టు ఎక్కనివ్వవు. కుట్టు మిషను ఉంటే మీరే కుట్టుకోండి, లేదా తెలిసిన టైలరుకు చెప్పి కుట్టించుకోండి. కొలత మాత్రం చీర కట్టుకునే ఇవ్వాలి. పిరుదుల చుట్టుకొలతకు ఇంకో ఎనిమిది అంగుళాలు వదులు పెట్టి, మోకాళ్లకు కాస్త పైదాకా పొడవు ఉంచి, పక్కల ఆరు అంగుళాల చీలికలు ఇవ్వండి. పైట కోటు లోపలే ఉంటుంది కాబట్టి బండి మీద వెనక కూర్చున్నప్పుడు కొంగు చక్రంలో పడుతుందన్న భయం కూడా తగ్గుతుంది.

మామూలు ఒంటికి 58 అంగుళాల పన్నా గుడ్డ రెండున్నర మీటర్లు సరిపోతుంది. ప్రొద్దుటూరు బజారుకు వెళ్లినప్పుడు తొందరపడి ఏ నైలాన్ పడితే అది కోయించకండి. గుడ్డను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదండి. గాలి అవతలికి సులువుగా పోతే వాన కూడా వస్తుంది. వీలైతే చెంచాడు నీళ్లు పోసి చూడండి. లోపలివైపు పూత ఉన్న గుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి.

ఈ గుడ్డకు గుండుసూదులు గుచ్చకూడదు. గుచ్చిన ప్రతి చోటా కన్నం మిగిలిపోతుంది, అందులోంచి నీరు దిగుతుంది. బట్టలు ఆరేసే క్లిప్పులతో పట్టి ఉంచండి. మిషనుకు సన్నసూది, 11 నంబరుది వేసి, కుట్టు కాస్త దూరం దూరంగా పెట్టండి. కుట్టు పూర్తయ్యాక దాని వెంబడి కొవ్వొత్తి రుద్దితే చిన్న వానకు నీరు దిగదు. ఈ పూత గుడ్డ లోపల చెమట ఎక్కువ పోస్తుంది, మన ఉక్కకు మరీను. చంకల కింద నాలుగైదు చిన్న రింగుల కన్నాలు వేయించండి.

ఇప్పుడు సంచి. కోటు కింది అంచును రెండు వేళ్ల వెడల్పున మడిచి కుట్టి, లంగాకు ఎక్కించినట్టు అందులోకి నాడా ఎక్కించండి. సంచి కావాలన్నప్పుడు ముందు జిప్పు వేసి, నాడా గట్టిగా లాగి ముడేస్తే కింది భాగం మూట మూతిలా దగ్గరికొస్తుంది. ఎంత లాగినా నడిమిన కొంచెం సందు మిగులుతుంది, పచ్చిమిరపకాయలు దారి పొడవునా రాలిపోతాయి. అందుకని అంచుకు లోపలివైపు జానెడు చదరపు ముక్క ఒకటి ఒక పక్కన మాత్రమే కుట్టి వదలండి. నాడా లాగాక దాన్ని సందుకు అడ్డం పరిస్తే అడుగు మూసుకుంటుంది. దీనికి కొత్త గుడ్డ అక్కర్లేదు, విరిగిపోయిన గొడుగు గుడ్డ చాలు. రెండు చేతుల కొసలూ కలిపి ముడేస్తే భుజానికి పట్టీ అయింది. జిప్పును జానెడు కిందికి దించితే సంచి నోరు అయింది. ముడి వేసేముందు చేతులను ఒక్కొక్కటి రెండు మెలికలు తిప్పండి సుమా! లేకపోతే ఇంటికి వచ్చాక నిమ్మకాయల కోసం కోటు చేతుల్లో వెతుక్కోవాలి.

బరువంతా పడేది చేతులు అతికిన చోట. అక్కడ లోపల అదే గుడ్డ ముక్క వేసి రెండు వరుసలు కుట్టండి. అయినా రెండు మూడు కిలోల కూరలకే ఇది. బియ్యం, పప్పులు మోయడానికి మీ జనపనార సంచీ మీకుండనే ఉంది.

పిల్లలకు కుట్టేటప్పుడు టోపీకి, మెడకు నాడాలు పెట్టకండి. ఉయ్యాల ఊగేటప్పుడో బండి ఎక్కేటప్పుడో దేనికైనా తగులుకుంటే మెడకు బిగుసుకుంటాయి. ఎలాస్టిక్ చాలు.

"చీర మీద కోటేమిటి, నలుగురూ నవ్వరూ?" అంటారేమో. తెల్లవారుజామున ఆటోల్లో కూలికి పోయే మన అక్కచెల్లెళ్లను చూడండి. మగవాళ్ల పాత ఫుల్‌షర్టు చీర మీద తొడుక్కుని పోతారు. ఎండకూ, ఆకుల గరుకుకూ, చలిగాలికీ అదే వాళ్ల కోటు. ఎవరు నవ్వుతున్నారు? కడప ఎండల్లో కోటేమిటన్న మాట కూడా నిలవదు. నైరుతి వానలు పోయాక కూడా అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన మన జిల్లాకు ఉండనే ఉంది, దాని వెనకే చలి. శ్రావణ శనివారం పాపాఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి దర్శనానికి వెళ్లినా, తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినా సంగతి అదే. ఎక్కేటప్పుడు చెమట, పైకి చేరాక మార్గశిరంలో వణుకు. ఎక్కేంతసేపూ కోటు సంచిగా భుజాన ఉంటుంది, అందులో నీళ్ల సీసా, తువ్వాలు. పైన సంచి ఖాళీ చేసి తొడుక్కోవడమే.

తెచ్చుకున్నాక చేసే పొరపాట్లు రెండు. తడి కోటును అలాగే మడిచి పెట్టడం మొదటిది. ఒక్క రాత్రి చాలు, ముక్క వాసన పట్టుకుంటుంది. నాలుగుసార్లు అలా చేస్తే లోపలి పూత పొట్టులా లేచిపోతుంది. రాగానే విదిలించి నీడన ఆరేయండి. రెండోది ఇస్త్రీ. వేడి పెట్టె తగిలితే నైలాన్ ముడుచుకుపోతుంది. ఉతకడానికి చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు పొడి చాలు. బ్రష్షు వద్దు, పిండడం వద్దు. పొయ్యి మీంచి దించిన క్యారియరు ఇందులో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లకండి, వేడికి పూత పాడవుతుంది. చేపలు, మాంసం అసలే వద్దు.

జిప్పు బిగుసుకుంటే దాని పళ్ల మీద అదే కొవ్వొత్తి ముక్క రుద్దండి, రన్నర్ జారుతుంది. ఆరిన కోటును బీరువాలోకి చేర్చకండి. మెడ వెనక చిన్న బొందు కుట్టి, వాకిలి పక్కన కూరల సంచి తగిలించే మేకుకే తగిలించండి.