ఒకే అశ్వశక్తి, వేర్వేరు బరువులు: పికప్ ట్రక్కుల ఇంజిన్, గేర్‌బాక్సుల పరిశీలన

అమెరికాలోని అయోవా, ఇల్లినాయి రాష్ట్రాల మొక్కజొన్న రైతుకు పికప్ ట్రక్కు ఇంటి వాహనమే కాదు, వ్యవసాయ పనిముట్టు కూడా. సహకార సంఘం నుంచి పొలానికి అమ్మోనియా ట్యాంకును లాగేదీ, విత్తనాన్ని, డీజిలును, పశువులను తరలించేదీ అదే. ఇటువంటి వాహనం కొనేటప్పుడు అశ్వశక్తి ఎంత అన్నదే మొదటి ప్రశ్న కావడం సహజం. ట్రాక్టరు కొనే మన రైతు కూడా ముందుగా అడిగేది "ఎన్ని హెచ్.పి.?" అనే. ఆ ఒక్క సంఖ్య ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడానికి అమెరికా పికప్ ట్రక్కులు మంచి ఉదాహరణ.

అక్కడ మొత్తం అనుమతించిన బరువు 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,860 కిలోలు, మించని పికప్‌ను తేలిక తరగతిగాను, మించిన దానిని భారీ తరగతిగాను వ్యవహరిస్తారు. వాడుకలో ఉన్న అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అనే పేర్లు పాతకాలపు మోత సామర్థ్యాన్ని బట్టి వచ్చినవి. నేటి బండ్ల అసలు మోతకు వాటితో సంబంధం లేదు.

2021 నాటి ఫోర్డ్ ఎఫ్-150 తేలిక తరగతికి చెందినది. దానికి అమర్చే 3.5 లీటర్ల జంట టర్బో పెట్రోలు ఇంజిన్ 400 అశ్వశక్తి ఇస్తుంది. 2019 నాటి రామ్ 3500 భారీ తరగతిది. దాని 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్, అధిక సామర్థ్యపు రూపంలో, ఇచ్చేదీ సరిగ్గా 400 అశ్వశక్తే. అయితే తగిన అమరికలన్నీ ఉన్నప్పుడు మొదటిది లాగగల గరిష్ఠ ట్రైలరు బరువు సుమారు 6,350 కిలోలు కాగా, రెండవది లాగగలిగినది సుమారు 15,900 కిలోలు. అశ్వశక్తి సమానమైనప్పుడు ఇంత వ్యత్యాసం ఎందుకు?

దీనికి సాధారణంగా చెప్పే సమాధానం టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం. పెట్రోలు ఇంజిన్ గరిష్ఠ టార్క్ 678 న్యూటన్ మీటర్లు. డీజిల్ ఇంజిన్‌ది 1,356, అంటే కచ్చితంగా రెట్టింపు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ 124 మిల్లీమీటర్లు ప్రయాణిస్తే, పెట్రోలు ఇంజిన్‌లో 86.7 మిల్లీమీటర్లే. అందువల్ల డీజిల్ ఇంజిన్ తన 400 అశ్వశక్తిని నిమిషానికి 2,800 భ్రమణాల వద్దనే చేరుకోగా, పెట్రోలు ఇంజిన్ 6,000 వరకు తిరగవలసి వస్తుంది.

ఈ సమాధానం తప్పు కాదు గాని, సగమే. టార్క్‌ను గేర్ల ద్వారా ఎంతకైనా పెంచవచ్చునని ఇంజనీరింగు విద్యార్థికి తెలుసు. ఎఫ్-150 మొదటి గేరు నిష్పత్తి దాదాపు 4.7. చక్రాల వద్దకు చేరే బలాన్ని అంతిమంగా నిర్ణయించేది శక్తి, వేగం, గేరు నిష్పత్తి, ఈ మూడూ కలిసే. కనుక "హెచ్.పి. కాదు, టార్క్ చూడండి" అని రైతుకు సలహా ఇవ్వడమంటే ఒక అసంపూర్ణ సంఖ్యకు బదులు మరొక అసంపూర్ణ సంఖ్యను చేతికివ్వడమే.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. 5 శాతం ఎత్తు ఉన్న రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, ట్రైలరుతో కలిపి 9,000 కిలోల బండి ఎక్కడానికి, గాలి, టైర్ల నిరోధాలు కాక, సుమారు 100 అశ్వశక్తి చాలు. 19,500 కిలోలకు సుమారు 215 కావాలి. కాగితం మీద తేలిక ట్రక్కు ఇంజిన్ ఈ రెండవ బరువును కూడా ఎక్కించగలదు. కాని ఎంతసేపు? ఆ వేడిని భరించేది ఏది?

ఇక్కడే గేర్‌బాక్సు ప్రాధాన్యం తెలుస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజిన్‌కు, గేర్లకు మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ నూనె ద్వారా శక్తిని అందిస్తుంది. బరువుతో నెమ్మదిగా ఎక్కేటప్పుడు అందులోని జారుడు అంతా వేడిగా మారుతుంది. నూనె మాడితే క్లచ్ పలకలు మాడతాయి. భారీ తరగతి గేర్‌బాక్సులో పలకలు పెద్దవి, నూనె ఎక్కువ, దానిని చల్లార్చే ఏర్పాటు పెద్దది. గేర్ల సంఖ్యను బట్టి ఈ తేడాను గుర్తించలేము. ఫోర్డ్ రెండు తరగతులలోనూ పది గేర్ల పెట్టెలనే వాడుతున్నది. తేలిక ట్రక్కులో ఉన్నది 10ఆర్80, 2020 నుంచి భారీ ట్రక్కులో ఉన్నది 10ఆర్140. చివరి అంకెలు అవి తట్టుకొనే టార్క్‌ను సూచిస్తాయి: ఒకటి సుమారు 800, మరొకటి సుమారు 1,400 న్యూటన్ మీటర్లు.

ఇంజిన్ సామర్థ్యానికి గేర్‌బాక్సే హద్దు గీయడం కొత్తేమీ కాదు. 1996లో డాడ్జ్ రామ్‌లోని కమిన్స్ ఇంజిన్‌ను మాన్యువల్ గేర్లతో 215 అశ్వశక్తికి, ఆటోమేటిక్‌తో 180కి మాత్రమే సర్దారు. 2019లోనూ అంతే; 6.7 లీటర్ల అదే ఇంజిన్ బలమైన ఐసిన్ గేర్‌బాక్సుతో 1,356 న్యూటన్ మీటర్లు ఇస్తే, సాధారణ గేర్‌బాక్సుతో 1,152 వద్ద ఆపారు. ఇంజిన్ చేయగలదు, వెనుక ఉన్నది భరించలేదు.

వెనుక ఇరుసు విషయమూ ఇటువంటిదే. తేలిక ట్రక్కులో చక్రాన్ని తిప్పే షాఫ్టే బండి బరువును కూడా మోస్తుంది. భారీ ట్రక్కులో బరువు ఇరుసు గొట్టంపై ఉన్న బేరింగుల మీద పడుతుంది, షాఫ్టు తిప్పడానికే పరిమితం. అందుకే షాఫ్టు విరిగినా చక్రం ఊడిపోదు.

ఎక్కడం కంటె దిగడం ప్రమాదకరం. ప్రకటనల్లో తక్కువగా కనిపించేది ఇదే. డీజిల్ ఇంజిన్‌కు గాలిని అడ్డగించే త్రాటిల్ ప్రధానం కాదు గనుక, కాలు తీసినంత మాత్రాన అది బండిని అంతగా పట్టి ఉంచదు. భారీ డీజిల్ ట్రక్కులలో పొగ మార్గాన్ని మూసి ఇంజిన్‌నే బ్రేకుగా మార్చే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది. గేర్‌బాక్సు దానికి తగినట్లు కింది గేరులోకి దిగుతుంది. ఇది లేని బండితో, బరువైన ట్రైలరుతో, పొడవైన ఘాట్ దిగినప్పుడు భారమంతా కాలి బ్రేకులపై పడి, వేడెక్కిన బ్రేకులు పట్టు కోల్పోతాయి. అమెరికాలో లాగుడు సామర్థ్యానికి ప్రామాణికమైన ఎస్.ఏ.ఇ. జె2807 పరీక్షలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ సమీపపు 18 కిలోమీటర్ల ఎక్కుడు ఒక భాగం. 38 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడిలో, ఏ.సి. పూర్తిగా నడుస్తుండగా, నిర్ణీత కనీస వేగం నిలుపుకోవాలి. ఇంజిన్ గరిష్ఠ శక్తి కంటె శీతలీకరణకు ఇది ఎక్కువ పరీక్ష.

ఈ చర్చ మన విస్తరణ శాస్త్రవేత్తలకు పరాయిది కాదు. కమిన్స్ బి-శ్రేణి ఇంజిన్లు కేస్ అనే వ్యవసాయ యంత్రాల సంస్థతో కలిసి రూపొందినవి. 1989లో డాడ్జ్ పికప్‌లోకి చేరాయి. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ అదే శ్రేణిని జంషెడ్‌పూర్‌లో తయారు చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్లపై ధాన్యం మోసిన టాటా 1613 లారీలలో ఉన్నది ఆ 5.9 లీటర్ల ఇంజినే. ఆ పేరులో 16 మొత్తం బరువును టన్నులలోను, 13 అశ్వశక్తిని పదులలోను తెలుపుతాయి. అంటే పదహారు టన్నులకు సుమారు 130 అశ్వశక్తి. 400 అశ్వశక్తి గల తేలిక పికప్ ట్రైలరుతో కలిపి లాగే మొత్తం తొమ్మిది టన్నుల వద్ద ఆగిపోతుండగా, ఈ లారీ ఘాట్ రోడ్డుపై వేగం తగ్గించుకొని, కింది గేరులో, గంటల తరబడి అదే బరువుతో నడిచేది.