నాచును కోస్తేనే నీరు తేరుతుంది: ఉప్పునీటి తొట్టిలో రెఫ్యూజియం రూపకల్పన

ఉప్పునీటి ఆక్వేరియంలో చేపలకు వేసే మేతలోని నత్రజనిలో అధికభాగం చివరకు నీటిలోనే మిగులుతుంది. దానిని వెలికితీయడానికి ప్రధాన తొట్టికి అనుబంధంగా, చేపలు చేరలేని వేరొక గదిలో నాచును పెంచుతారు. ఈ గదినే రెఫ్యూజియం, అనగా ఆశ్రయస్థానం, అంటారు. చేపల బారిన పడకుండా కోపిపోడ్ల వంటి సూక్ష్మజీవులు ఇందులో వృద్ధిచెంది, నీటితోపాటు ప్రధాన తొట్టిలోకి చేరి చేపలకు ఆహారమవుతాయి. నాచుతో నీటిని శుద్ధిచేసే పద్ధతిని అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఆడీ 1980లలో ప్రాచుర్యంలోకి తెచ్చారు.

సస్యశాస్త్ర దృష్టితో పరిశీలిస్తే రెఫ్యూజియం వడపోత యంత్రం కాదు, ఒక మడి. వరి మడి నుండి నత్రజని గింజ, గడ్డి రూపంలో వెలుపలికి పోయినట్లే, తొట్టి నుండి కోసిన నాచు రూపంలో పోతుంది. కోయని నాచు పోషకాలను దాచుకుంటుందే తప్ప తొలగించదు. కుళ్లినప్పుడు వాటిని తిరిగి నీటికే ఇస్తుంది.

నత్రజని లెక్క

35 శాతం మాంసకృత్తులున్న మేతలో నత్రజని 5.6 శాతం ఉంటుంది. రోజుకు 1 గ్రాము మేత వేస్తే 56 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలో చేరుతుంది. అందులో పావు వంతు చేపల దేహంలో నిలుస్తుందనుకుంటే 42 మిల్లీగ్రాములు నీటిపాలవుతాయి. పచ్చి నాచులో పొడి పదార్థం 10 శాతం, ఆ పొడి పదార్థంలో నత్రజని 3 శాతం అనుకొంటే, గ్రాము పచ్చి నాచు 3 మిల్లీగ్రాముల నత్రజనిని మోస్తుంది. కనుక రోజుకు 14 గ్రాములు, వారానికి సుమారు 100 గ్రాముల పచ్చి నాచును కోయవలసి ఉంటుంది. నీటి మార్పిడి, ఇసుక అడుగున ఉండే బాక్టీరియా కొంత భారాన్ని పంచుకుంటాయి గనుక దీనిని గరిష్ఠ అంచనాగా భావించవచ్చు.

నిర్మాణం

200 లీటర్ల తొట్టికి 40 లీటర్ల రెఫ్యూజియం అనువైనది. గంటకు 200 నుండి 400 లీటర్ల నీరు దాని గుండా పారితే చాలు. దారపు ఉండవలె పెరిగే కేటోమార్ఫా, ఎర్ర నాచు గ్రాసిలేరియా దీనికి తగినవి. కాలెర్పా త్వరగా పెరిగినా, ఒక్కసారిగా బీజకణాలను విడిచి నీటిని కలుషితం చేసే స్వభావం కలది. ఏ నాచునైనా కోసిన తరువాత కాలువలలో పారవేయరాదు. ఎండబెట్టి, ఉప్పు కడిగి కంపోస్టులో కలపాలి.

ప్రధాన తొట్టి దీపాలు ఆరిన వేళ రెఫ్యూజియం దీపం వెలగాలి. రాత్రి శ్వాసక్రియ వలన పెరిగే కార్బన్ డయాక్సైడును నాచు గ్రహించి, ఉదజని సూచిక పడిపోకుండా కొంతవరకు కాపాడుతుంది. నైట్రేటు పూర్తిగా తరిగిపోతే నాచు ఎదుగుదల ఆగి, భాస్వరం అలాగే మిగిలిపోతుంది. కనుక రెండింటినీ కొలుస్తూ ఉండాలి.

బందరు పరిస్థితులు

కృష్ణ మోసుకువచ్చే ఒండ్రు వలన మచిలీపట్నం తీరంలో నీరు బురదగా ఉంటుంది. వరద నెలలలో నదీముఖం చేరువలో లవణీయత బాగా తగ్గుతుంది. ఇటువంటి నీటిని నేరుగా వాడుట కంటె, ఆక్వేరియం ఉప్పుతో లీటరుకు 35 గ్రాముల లవణీయత గల నీటిని తయారుచేసుకొనుట మేలు. వేసవిలో ఆవిరయ్యేది మంచినీరే కాబట్టి మంచినీటినే తిరిగి నింపాలి. కరెంటు పోయినప్పుడు పై తొట్టి నుండి దిగే నీరు పొర్లకుండా క్రింది తొట్టిలో ఖాళీ జాగా ఉంచాలి.

తొట్టి నుండి చెరువుకు

నాగాయలంక, కోడూరు ప్రాంతాల రొయ్యల చెరువులకు ఈ పద్ధతిని విస్తరించవచ్చునా అనేది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలు 5 హెక్టార్లు, అంతకు మించిన క్షేత్రాలకు వ్యర్థజల శుద్ధి వ్యవస్థను తప్పనిసరి చేశాయి. ఆ శుద్ధి చెరువులోనే నాచును పెంచితే సరిపోతుందన్న భావన ఆకర్షణీయమైనదే. అయితే పై లెక్కను ఇక్కడ వేసి చూద్దాం.

హెక్టారుకు 5 టన్నుల రొయ్యలు, మేత మార్పిడి నిష్పత్తి 1.5 అనుకుంటే 7.5 టన్నుల మేత పడుతుంది. రొయ్యల దేహంలో చేరనిది 315 కిలోల నత్రజని. దానినంతా నాచే గ్రహించాలంటే 105 టన్నుల పచ్చి నాచు కావాలి. విస్తీర్ణంలో 10 శాతాన్ని, అనగా 1,000 చదరపు మీటర్లను నాచుకు కేటాయిస్తే, 120 రోజుల పంటకాలంలో రోజుకు చదరపు మీటరుకు దాదాపు 90 గ్రాముల పొడి నాచు పెరగాలి. ఇది నాచు సాధారణ ఎదుగుదలకు అనేక రెట్లు. నత్రజనిలో సగం బురదలోను, వాయురూపంలోను పోయిందనుకున్నా ఆ స్థలం చాలదు.

కనుక రైతుకు చెప్పవలసిన మాటల వరుస స్పష్టం. మేత వృథాను తగ్గించుట మొదటిది, బురదను తేర్చి తొలగించుట రెండవది, నాచు మూడవది. ఒకే మురుగు కాలువ నుండి నీరు తోడుకొని, దానిలోకే వదిలే చెరువులున్న చోట ఈ వరుస తప్పితే, ఒకరి వ్యర్థం మరొకరి చెరువుకు చేరుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఒక చిన్న తొట్టిని ప్రదర్శనగా నెలకొల్పవచ్చు. దాని ప్రక్కన ఒక త్రాసు, ఒక పుస్తకం ఉండాలి. వేసిన మేత బరువు ఒక వరుసలో, కోసిన నాచు బరువు మరొక వరుసలో వ్రాస్తే, ఆ రెండు అంకెల మధ్య తేడాయే రైతుకు అసలైన పాఠం.