బొగ్గు తూకం - పత్తి కొలత

"కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా?" అన్న ప్రశ్న తెలుగునాట పిల్లలందరికీ పరిచితమే. రెండూ సమానమే అన్నది తక్కెడ చెప్పే సమాధానం. కాని ఆ రెండింటినీ ఒక ఊరి నుండి మరొక ఊరికి పంపవలసి వచ్చినప్పుడు ఈ సమాధానం చాలదు. కిలో ఇనుము అరచేతిలో ఇముడుతుంది. కిలో దూదికి పెద్ద సంచి కావాలి. మోసే బండికి బరువు ఒకటే అయినా, అవి ఆక్రమించే చోటు ఒకటి కాదు. పార్సిల్ కిరాయి లెక్కకు మూలసూత్రం ఈ భేదంలోనే ఉంది.

ఈ భేదాన్ని గ్రహించడానికి కాసిపేట ప్రాంతం కంటె అనువైన చోటు అరుదు. మంచిర్యాల జిల్లాలోని ఈ మండలం సింగరేణి బొగ్గు గనులకు నెలవు. కాసిపేట పేరుతో ఉన్న గనులు సంస్థ మందమర్రి ఏరియా పరిధిలోనివి. ఇదే మండలంలోని దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారం ఉంది. గనుల పొలిమేర దాటితే పూర్వపు ఆదిలాబాద్ జిల్లా అంతటా పత్తి చేలు కనిపిస్తాయి. బొగ్గు, సిమెంటు బరువైన సరుకులు. పత్తి చోటును ఆక్రమించే సరుకు. ఒకే నేల రెండు విధాల సరుకునూ బయటి ప్రపంచానికి పంపుతున్నది.

బొగ్గును మోసే రైలు వ్యాగన్‌ను పరిశీలిస్తే ఒక విశేషం తెలుస్తుంది. బాక్స్-ఎన్ అని పిలిచే వ్యాగన్ లోపలి పరిమాణం సుమారు 56 ఘనమీటర్లు. దాని మూల రూపకల్పన ప్రకారం మోయగల బరువు సుమారు 58 టన్నులు. అంటే ఒక ఘనమీటరుకు దాదాపు ఒక టన్ను. బొగ్గు నింపినప్పుడు చోటూ, మోయగల శక్తీ ఇంచుమించు ఒకేసారి పూర్తవుతాయి. అదే వ్యాగన్‌లో విడి పత్తిని నింపితే, మోయగల బరువులో స్వల్పభాగమైనా చేరకముందే చోటు నిండిపోతుంది. అందువల్లనే జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని యంత్రంతో గట్టిగా అదిమి, సుమారు 170 కిలోల బేళ్లుగా కట్టి పంపుతారు. బేలు కట్టడం వల్ల దూది బరువు తగ్గదు, అది ఆక్రమించే చోటు మాత్రమే తగ్గుతుంది.

ఉత్తరాల విషయంలో ఈ చిక్కు లేదు. 1854 అక్టోబరు 1 నుండి భారతదేశమంతటా దూరంతో నిమిత్తం లేకుండా, పావు తులం బరువుగల ఉత్తరానికి అర అణా చొప్పున తపాలా రుసుము అమలులోకి వచ్చింది. పలుచని కాగితానికి తూకం ఒక్కటే చాలిన కొలత. కాని అట్టపెట్టెలు విమానాలలోను, వ్యాన్లలోను ప్రయాణించడం పెరిగిన కొద్దీ తూకం ఒక్కటే చాలలేదు. తేలికైన పెద్ద పెట్టెలతో విమానం నిండిపోతే, మోసిన బరువు తక్కువే అయినా ఇంధనం, సిబ్బంది, సమయం ఖర్చు కాక తప్పదు. కనుక రవాణా సంస్థలు చోటును కూడ బరువుగా మార్చి లెక్కించే పద్ధతిని అవలంబించాయి. దీనినే 'వాల్యూమెట్రిక్ వెయిట్', అనగా ఘనపరిమాణ బరువు అంటారు.

లెక్క సులభమైనదే. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చిన ఫలాన్ని 5000తో భాగించాలి. వచ్చిన సంఖ్యయే కిలోలలో ఘనపరిమాణ బరువు. కొరియర్ సంస్థలలో ఎక్కువగా వాడుకలో ఉన్న భాజకం 5000 కాగా, విమాన సరుకు రవాణాలో 6000 ప్రసిద్ధం. సంస్థను బట్టి ఇది మారుతుంది కాబట్టి ముందుగా విచారించుకోవాలి. కాటా చూపిన బరువు, లెక్క చూపిన బరువు - ఈ రెండింటిలో ఏది పెద్దదో దానికే కిరాయి వేస్తారు. గని యార్డులో బొగ్గు గుట్ట పరిమాణాన్ని కొలిచి, ఘనమీటరు బరువుతో గుణించి టన్నులు కట్టే సర్వేయరు చేసే పని కూడ ఇటువంటిదే.

రెండు ఉదాహరణలు చూడవచ్చు. హైదరాబాదులో చదువుకొనే కుమారునికి ఒక తల్లి ఆవకాయ పంపుతున్నదనుకొందాం. పెట్టె కొలతలు 25, 25, 20 సెంటీమీటర్లు. ఘనపరిమాణ బరువు 2.5 కిలోలు. కాటా మీద అది 5 కిలోలు తూగింది. కిరాయి 5 కిలోలకే. ఇక నిర్మల్ కళాకారుడు తేలికైన పొణికి కర్రతో చేసిన బొమ్మలను 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో పంపుతున్నాడు. కాటా మీద బరువు 2.5 కిలోలే. కాని 40, 30, 25ల లబ్ధం 30,000. దానిని 5000తో భాగిస్తే 6 కిలోలు. కిరాయి 6 కిలోలకు చెల్లించవలసి వస్తుంది.

లెక్క సౌలభ్యం కోసం కిలోకు 50 రూపాయల కిరాయి అనుకొంటే, 125 రూపాయలు అవుతుందని తలచిన కళాకారునికి 300 రూపాయలు ఖర్చవుతుంది. బొమ్మల మీద 150 రూపాయల లాభం ఆశించినవాడు 175 రూపాయలు అదనంగా చెల్లించి, చివరకు 25 రూపాయలు నష్టపోతాడు. పనితనంలో లోపం లేదు, ధరలో లోపం లేదు. లోపమంతా పెట్టెలోని ఖాళీలో ఉంది. అవే బొమ్మలను పొందికగా అమర్చి 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పట్టించగలిగితే ఘనపరిమాణ బరువు 3 కిలోలు, కిరాయి 150 రూపాయలు అవుతుంది. లాభంలో 125 రూపాయలు అతనికే మిగులుతాయి. పెట్టె మూడు కొలతలనూ రెట్టింపు చేస్తే ఘనపరిమాణం రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుందన్న గణిత సత్యం ఇక్కడ గుర్తుంచుకోదగినది.

కొలిచే విధానంలోనూ జాగ్రత్త అవసరం. వస్తువును కాక, పూర్తిగా కట్టిన పెట్టెనే తూచాలి. అట్ట, కాగితం, టేపు కూడ బరువులో చేరుతాయి. కొలతలు పెట్టె వెలుపలి వైపున, ఉబ్బు ఉన్నచోట తీసుకోవాలి. గుండ్రని డబ్బాను కూడ సాధారణంగా అది పట్టే పెట్టెగానే లెక్కిస్తారు. ఛార్జీలు చాలాచోట్ల మెట్లుగా ఉంటాయి. 500 గ్రాములకొక మెట్టు ఉన్నచోట 2 కిలోల 10 గ్రాముల పార్సిల్‌కు రెండున్నర కిలోల కిరాయి పడుతుంది. పది గ్రాముల కాగితం తగ్గిస్తే ఒక మెట్టు తగ్గుతుంది. అయితే పొదుపు కోసం రక్షణను విడువరాదు. పగిలిన బొమ్మకు ఎంత తక్కువ కిరాయి అయినా వృథాయే. పెట్టెలో ఉండవలసినది వస్తువును కాపాడే మెత్తదనం, ఉండకూడనిది ప్రయోజనం లేని ఖాళీ.

నేడు తపాలా కార్యాలయం, కొరియర్ సంస్థలు, 2020లో తెలంగాణ ఆర్టీసీ ప్రారంభించిన కార్గో సేవలు చిన్న ఊళ్లను దూరపు విపణులతో కలుపుతున్నాయి. స్వయంసహాయక సంఘంలోని మహిళ చేసిన పచ్చడి, పల్లె కళాకారుని బొమ్మ మహానగరాన్ని చేరగలవు. ఆ ప్రయాణపు వెల ఎంతో పెట్టె మూయకముందే తెలుసుకొన్నవారు తమ వస్తువుకు సరైన ధర నిర్ణయించుకోగలరు. తెలియనివారు తమ శ్రమఫలంలో కొంత భాగాన్ని ఖాళీ చోటుకు అర్పించుకొంటారు. ఒక టేపు, ఒక కాటా, మూడు సంఖ్యల గుణకారం - ఆ నష్టాన్ని నివారించడానికి కావలసిన సాధనాలు ఇంతమాత్రమే.